గాలి మీద భారం

జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే మా బావమరిదికి ఆర్నెల్లుగా ఒకటే మీమాంస: మార్చిలో జరిగే కేప్‌టౌన్ సైకిల్ టూర్‌కి పేరివ్వాలా, వద్దా? 109 కిలోమీటర్లు. వేలాదిమంది తొక్కుతారు. ఆ పూట దారిలో కార్లు బంద్. "హారన్ వినబడకుండా సైకిల్ తొక్కే భాగ్యం ఎవరికుంటుంది బావా?" అంటాడు. నిజమే. మన దగ్గర రోడ్డు అంత ఖాళీ కావాలంటే మంత్రిగారి కాన్వాయ్ రావాలి. అప్పుడైనా మనం రోడ్డు పక్కనే.

ఆలోచన తెగకముందే సైకిలు కొన్నాడు, హెల్మెట్ కొన్నాడు, ఒంటికి అతుక్కుపోయే నిక్కరు కూడా కొన్నాడు. అది తొడుక్కుని వీడియో కాల్‌లోకి వస్తే మా అత్తగారు "ముందు బట్టలేసుకుని రారా" అన్నారు.

దారిలో చాప్‌మన్స్ పీక్ ఉంది. అది దాటి, కాళ్లు చచ్చుబడ్డాక సైకర్‌బోసీ ఎక్కుడు. పేరుకు చక్కెర పొద, తొక్కేవాడికి కాకరకాయ. అదీ చెప్పాను, గాలి సంగతీ చెప్పాను: 2017లో సైకిలు పట్టుకుని నిలబడటమే కష్టమయ్యేంత గాలి వీచి, మొదలైన కాసేపటికే టూర్ రద్దు చేశారు.

భయపడతాడనుకున్నా. మొహం వెలిగిపోయింది. "అయితే ఇవాళే పేరిచ్చేస్తా బావా! అలా గాలొస్తే తొక్కక్కర్లేదుగా!"

ఇంకా ఇవ్వలేదు. ప్రస్తుతం ఆ సైకిలు మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.