ఆ 65 గంటలూ ఏమైనట్టు?

లెక్క ప్రకారం చూస్తే నా అంత తీరుబడి ఉన్న మనిషి టెక్సస్ మొత్తంలో ఉండకూడదు. వారానికి 168 గంటలు. ఎమ్మెస్‌లో సెమిస్టరుకి 9 క్రెడిట్లు. గంట క్లాసుకి బయట రెండు గంటలు చదవాలని ఇక్కడివాళ్ల లెక్క కాబట్టి మొత్తం 27. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాడు సెమిస్టరు నడుస్తున్నంతకాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచెయ్యకూడదు. రోజుకి 8 గంటలు నిద్రపోతున్నాననే అబద్ధాన్ని కూడా కలుపుకుంటే ఇంకా 65 గంటలు మిగలాలి. దాన్నే వ్యక్తిగత జీవితం అంటారట.

ఆ 20 గంటలూ నేను డైనింగ్ హాల్లో ప్లేట్లు కడుగుతాను. ఇంట్లో మాత్రం ‘క్యాంపస్ జాబ్’ అన్నాను. నాన్నగారు వీధిలో ‘వెళ్లీ వెళ్లగానే యూనివర్సిటీలో ఉద్యోగం ఇచ్చేశారండీ’ అని చెప్పుకున్నారు. నిజం చెప్పినా అమ్మ నమ్మదు. తిన్న కంచం తీసిన చరిత్ర నాకు లేదు.

మాది కాకినాడ. అమ్మ పొద్దున్నే కాఫీ తాగి ఏడింటికి ఫోన్ చేస్తుంది. చలికాలంలో అది నాకు ముందురోజు రాత్రి ఏడున్నర, బాగానే ఉండేది. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకి తిప్పారు. ఏడున్నర కాస్తా ఎనిమిదిన్నరయింది. ఎంగిలి ప్లేట్లన్నీ ఒక్కసారి మీదపడే వేళ అది.

“అమ్మా, ఇకనుంచి ఆరింటికి చెయ్యి. ఇక్కడ టైం మార్చారు.”

“ఎవరు?”

“గవర్నమెంటు.”

“గవర్నమెంటు చెప్తే పొద్దు మారిపోద్దేంట్రా? మేమేం మార్చలేదే!”

వెనకనుంచి నాన్నగారు అందుకున్నారు. ఆయన సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. భారత కాలమానానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమనీ, అది కాకినాడ దగ్గర్నుంచే వెళ్తుందనీ, కాబట్టి సర్దుకోవాల్సింది అమెరికాయేననీ తేల్చేశారు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మళ్లీ వెనక్కి తిప్పితే, “చూశావా, దార్లోకొచ్చారు!” అన్నారు.

ఇక పెళ్లిళ్లు. మనవాళ్లు అర్ధరాత్రి ముహూర్తాలు పెట్టేది అమెరికాలో ఉన్నవాళ్ల క్లాసులు చెడగొట్టడానికేనని నా అనుమానం. పెద్దమ్మ కూతురి పెళ్లి ఏప్రిల్లో, రాత్రి 12.40కి. అంటే నాకు మధ్యాహ్నం 2.10, సరిగ్గా డేటాబేస్ క్లాసు. లైవ్ చూడకపోతే పెద్దమ్మ జన్మలో మాట్లాడదు. ఒక చెవిలో సన్నాయి, రెండో చెవిలో ప్రొఫెసర్. ఫోన్లో పెళ్లికూతురూ పెళ్లికొడుకూ తెరకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. అప్పుడే ప్రొఫెసర్ నావైపు చూసి, రెండు ట్రాన్సాక్షన్లు కదలకుండా ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తుంటే ఏం చెయ్యాలని అడిగాడు. ‘జీలకర్ర బెల్లం పెట్టించి తెర తీసెయ్యాలి’ అనబోయి ఆగాను. రెండిట్లో ఒకదాన్ని చంపెయ్యాలన్నది పుస్తకంలో జవాబు. కొత్త బావగారి మొహం చూస్తూ ఆ మాట అనడానికి నోరు రాలేదు.

రూమ్మేట్ల వంట టర్నుల సంగతి ఎత్తను. పప్పులో ఉప్పు ఎక్కువైందని మొదలైన చర్చ అద్దె వాటాల దాకా వెళ్లి తెల్లవారుజామున ముగిసింది.

ఆమధ్య యూనివర్సిటీలో ‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ మీద ఒక సెషన్ పెట్టారు. పిజ్జా ఉచితమన్నారు కాబట్టి మా తెలుగువాళ్లం అందరం వెళ్లాం. వారంలో ఒక్క గంటయినా అచ్చంగా మీకోసం రాసిపెట్టుకోండి, ఆ వేళకి ఎవరినీ రానివ్వకండి అందా కౌన్సెలరమ్మ. బుద్ధిగా ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు దాకా అని రాసుకున్నాను. మాటల్లో అమ్మకి చెప్పాను కూడా.

“ఆదివారం ఖాళీయేనా! ముందే చెప్పవేంరా? మనకి రాత్రి ఎనిమిదిన్నర, మీ మావయ్య షాపు కట్టేసి వచ్చే వేళ. వాళ్లబ్బాయికి జీఆర్ఈ గురించి కాస్త చెప్పు.”

మావయ్య కొడుకు మంచి కుర్రాడు. అడగాల్సినవన్నీ నోటుబుక్కులో వరసగా రాసుకుని మరీ కూర్చుంటాడు. పదకొండున్నరకి వాడి ప్రశ్నలు అయిపోతాయి. అప్పుడు ఫోన్ మావయ్య తీసుకుంటాడు.