శుక్రవారం గుడ్డు

కుర్రవాళ్లకు గుడ్డు తినడం నేర్పిస్తానని బయల్దేరినవాణ్ణి నేను. అదీ పాతబస్తీలో! అర్ధరాత్రి దాటినా బండి మీద ఆమ్లెట్ పెనం చల్లారని చోట. పొద్దున్నే కిచిడీ, ఖట్టా, ఖీమాల పక్కన గుడ్డు కూడా అడిగి మరీ వేయించుకునే చోట. ఉల్లిపాయలూ టమాటాలూ వేసి ఖాగీనా కలియబెట్టడం చేతకాని వంటగది ఇక్కడ అరుదు. ఆఖరికి గుడ్లతో మిఠాయి కూడా చేసి, దానికి లౌజ్ అని పేరు పెట్టుకున్న ఊరు ఇది. ఇలాంటి ఊరికి గుడ్డు సంగతి చెప్పబోయినవాణ్ణి ఏమనాలో మా అమ్మ తర్వాత అననే అంది. ఆ మాట ఇక్కడ రాయను.

2024 దసరా ముందు ఒక గుడ్ల హోల్‌సేల్ వ్యాపారి, పాత పరిచయస్తుడే, కబురు పెట్టాడు. "అన్నా, పోరగాండ్లు చిప్సు ప్యాకెట్లకు మరిగిన్రు. గుడ్డు ముఖం చూస్తలేరు. ఫోన్లల్ల నవ్వులాటగ ఏమన్న చెయ్యరాదు?" ప్రకటనలు రాసి బతికేవాణ్ణి, అడగ్గానే తలూపాను. ఎవరు తింటున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పటికే నా బుర్రలో ఇన్‌స్టాగ్రామ్ గుడ్డు దొర్లుతోంది మరి. 2019 జనవరిలో ఎవరో తెల్లటి నేపథ్యం మీద ఒక్క గుడ్డు ఫొటో పెట్టి, కైలీ జెన్నర్ పేరిట ఉన్న 1.8 కోట్ల లైకుల రికార్డును బద్దలు కొట్టారు. తర్వాత ఆ గుడ్డు 5 కోట్లు దాటింది. వాళ్లు చేసింది నేను చెయ్యలేనా?

ఆ గుడ్డు ఎవరినీ గుడ్డు తినమనలేదన్న సంగతి నాకు తట్టలేదు. నెల తిరక్కుండానే దానికి పగుళ్లు వేసి, సోషల్ మీడియా ఒత్తిడి గురించీ మానసిక ఆరోగ్యం గురించీ మాట్లాడించారు. అంత పేరు తెచ్చుకున్న గుడ్డు వల్ల ఎవరింట్లోనైనా ఒక్క ఆమ్లెట్ ఎక్కువ పడిందా అన్నది కనీసం నాకు నేను వేసుకోవాల్సిన ప్రశ్న.

నేను మాత్రం చార్మినార్ కనబడేలా గుడ్డును పెట్టి ఫొటో తీశాను. గుడ్డు ముందా, కోడి ముందా అని ఓటింగ్ పెట్టాను. "పెహ్లే పైసే, చిచ్చా" అని రాశాడొక కుర్రాడు. దాన్ని జోకనుకుని, నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఆ ప్రచారం మొత్తంలో నాకు అందిన ఒకే ఒక్క సమాచారం అదేనేమో.

ఇక అసలు ఘనకార్యం. 1996 నుంచి ఏటా అక్టోబరు రెండో శుక్రవారం ప్రపంచ గుడ్డు దినోత్సవం. ఆ ఏడు అది 11వ తేదీన వచ్చింది. దాచుకున్న రీళ్లన్నీ ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక్కసారిగా వదిలాను. మర్నాడే దసరా. మా లాల్‌దర్వాజా గల్లీల్లో అమ్మవారి మండపాలు, ఉపవాసాలు. అటు మక్కా మసీదు చుట్టూ జుమా నమాజు వేళ. ఇటు పొయ్యి మీద గుడ్డు లేదు, అటు చేతిలో ఫోను లేదు. పుట్టి పెరిగిన బస్తీకి ఇరువైపులా ఒకే దెబ్బతో పరాయివాణ్ణయ్యాను.

"శుక్రవారం పూట గుడ్డేందిరా?" అంది అమ్మ. అప్పుడు గాని మా ఇంటి వారాల లెక్క గుర్తుకు రాలేదు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకన్న. మిగిలినవి ఆది, బుధ. అంటే ఏడాదికి 104 రోజులు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు ఉండాలంటుంది. 2022-23లో దేశంలో తలసరి అందుబాటు 101. నా 104కూ ఆ 101కీ ఏ సంబంధమూ లేదు, వట్టి కాకతాళీయం. అయినా ఆ రాత్రి ఆ రెండంకెలూ నన్ను నిద్రపోనివ్వలేదు.

దూరదర్శన్ రోజుల్లో మేం పిల్లలం గొంతు చించుకుని పాడిన గుడ్ల ప్రకటన ఒకటుంది, జాతీయ గుడ్ల సమన్వయ సమితి వాళ్లది. అందులో వారాల పేర్లు ప్రాస కోసం వేశారనుకునేవాణ్ణి. మన వారాల పట్టింపుతోనే అది సూటిగా మాట్లాడిందని ఇప్పుడనిపిస్తోంది. పైగా ఆ సమితి పాటతో పుట్టింది కాదు. దళారులు చెప్పిన రేటుకు అమ్ముకుని రైతులు మునిగిపోతున్న రోజుల్లో, 1982లో, డాక్టర్ బి.వి. రావు ముందుండి దాన్ని నిలబెట్టారు. మా గుడ్డుకు ధర మేమే చెబుతాం అన్నది వాళ్ల అసలు పని. పాట ఆ పనిని ఆనుకుని నడిచింది. నా రీళ్ల కింద ఆనుకోవడానికి ఏముంది?

ఇంతటితో ఆగినా బాగుండేది. పరువు దక్కించుకోవాలని పచ్చిగుడ్డు ఛాలెంజ్ పెట్టాను. బార్కస్ వైపు జిమ్ము కుర్రాళ్లు, కండలు తిరిగినవాళ్లు, గ్లాసులో గుడ్లు కొట్టుకుని గటగటా తాగేశారు. ఈసారి లైకులు పడ్డాయి. నేను గాల్లో తేలాను. వాళ్లలో ఒకడు, "చిచ్చా, ఉడకబెడితే తాకత్ పోతదా?" అని అడిగితే, తెలియకపోయినా తెలిసినట్టు తలాడించాను కూడా. బెల్జియం పరిశోధకులు 1998లో ప్రచురించిన లెక్క తర్వాత చదివాను. వండిన గుడ్డులోని ప్రొటీన్ నూటికి 91 పాళ్లు ఒంటికి పడితే, పచ్చిదానిలోది 51 పాళ్లేనట. సాల్మొనెల్లా భయం దానికి అదనం.

ఆ రీలు ఇంకా తిరుగుతుండగానే, అక్టోబరు 30న, పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. మా వాళ్లు మండీ పళ్లెం పక్కన ఆ తెల్ల గిన్నె కోసం వెతుక్కుంటున్న వేళ, నేను పచ్చిగుడ్డు తాగమని ఊరిని ఊదరగొడుతున్నానన్నమాట. ఎవరూ చూడకముందే తీసేద్దామనుకున్నాను. అప్పటికే చాలామంది చూశారు. చూడాలనే కదా పెట్టింది!

వ్యాపారి ఏమీ అనలేదు. దసరాకు తగ్గిన అమ్మకం చలి మొదలైతే లేస్తుందనీ, ఏటా జరిగేదేననీ చెప్పాడు. ఇంత తెలిసినవాడు నన్నెందుకు పిలిచాడో నాకిప్పటికీ అర్థం కాదు. నా బిల్లులో సగం నగదు ఇచ్చి, మిగతా సగానికి గుడ్ల ట్రేలు పంపాడు. అవి మా గుమ్మం ముందు దిగేసరికి కార్తీకమాసం. ఒక్క వారం కాదు, నెలంతా మూత. అమ్మ వాటిని మెట్ల దగ్గరే ఆపేసింది. ఆటోలో వేసుకుని జిమ్ము కుర్రాళ్లకు ఇచ్చొచ్చాను, ఉడకబెట్టే తినండని ఒకటికి రెండుసార్లు చెప్పి.

"రీల్ తీస్తవా చిచ్చా?" అన్నారు.

"వద్దు, మీరు తినుండ్రి" అన్నాను.