కోళ్లూ కూరపాదులూ ఒకే పెరట్లో: కొన్ని ఉచిత సలహాలు

పెరట్లో కూరపాదులు మాత్రమే పెంచేవాళ్లు సుఖంగా ఉంటారు. కోళ్లు మాత్రమే పెంచేవాళ్లూ ఉంటారు. రెండూ ఒకే జాగాలో పెంచి తీరాలని పట్టుబట్టినవారి కోసమే ఈ సలహాలు. ఆ జాగా కూచిపూడిలో అయితే మరీ మంచిది. ఒకప్పటి అగ్రహారం కదా, మీ కోడి ఎవరి గుమ్మం ఎక్కకూడదో వెతుక్కుని మరీ ఆ గుమ్మమే ఎక్కుతుంది.

ముందు నేల సంగతి. కృష్ణా డెల్టా నల్లరేగడిలో ఏం వేసినా పండుతుందని బస్సులో ఎవరైనా చెబితే, ఆయన పెరడు తవ్వి ఎరగడని అర్థం. వానల్లో ఆ మట్టి గునపానికి అతుక్కుని ఊడిరాదు. వేసవిలో కాలువ కట్టేశాక కోడిపిల్ల కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. తవ్వడానికి పదునుగా ఉండేది మధ్యలో ఏవో కొద్ది రోజులు. పెళ్లి పిలుపులన్నీ ఆ రోజుల్లోనే వస్తాయి. ఎండాకాలం నీళ్లకు దిగులొద్దు, అంట్లు తోమిన నీళ్లు అరటిపాదుకు మళ్లించండి. అరటి బతుకుతుంది. మిగతా మొక్కలు బతకాలంటే ఇంకొన్ని అంట్లు తోమండి.

తోటకూర మడికి మట్టిని బాగా గుల్ల చేసి, విత్తనాలు ఇసుకలో కలిపి పలచగా చల్లండి. గుల్ల చేసిన మట్టంటే కోడికి ప్రాణం. మీరు చేతులు కడుక్కునేలోపు పెట్ట వచ్చి కుడికాలితో రెండుసార్లు, ఎడమకాలితో రెండుసార్లు గీరి, ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి చూసుకుని మళ్లీ గీరుతుంది. అది వచ్చింది వానపాముల కోసం, విత్తనాలు దారిలో తగిలాయి కాబట్టి కాదనలేదు. ఎండెక్కాక అదే మడిలో గుంట చేసుకుని ఒళ్లంతా దుమ్ము పోసుకుంటుంది, ఈకల్లో పేలు వదలడానికి. ఆనక నీళ్ల పళ్లెం దగ్గరికి వెళ్లి, ఇత్తడి పళ్లెం అంచున నిలబడి తరంగం ఆడేవాళ్లలా రెండు కాళ్లూ అంచు మీదే ఆనిస్తుంది. తేడా ఏమిటంటే, ఈ పళ్లెం బోర్లాపడుతుంది.

దడి కట్టమని అందరూ చెబుతారు. కట్టండి. తాటాకు తడిక వానలకు కుళ్లుతుంది, పాత చీరలు గాలికి ఎగురుతాయి. చేపల చెరువు దగ్గర అడిగి తెచ్చుకున్న పాత వల గట్టిదే గానీ, కోడి కాలు అందులో ఇరుక్కుంటే విడదీసేదాకా అది ఊరంతా వినేలా మీ మీద ఫిర్యాదు చేస్తూనే ఉంటుంది. ఒక రెక్క ఈకలు కత్తిరిస్తే కోడి దడి దాటలేదంటారు పెద్దలు. నిజమే, దాటదు. కిందినుంచి దూరుతుంది.

అందుకని తెలివైనవారు దడి మీదికి బచ్చలి, పందిరి మీదికి ఆనప, పొట్ల పాకించి, మూలన మునగ వేస్తారు. మునగకు కొమ్మ పాతితే చాలు. గాలివానకు విరిగిందా, విరిగిన కొమ్మనే మళ్లీ పాతండి, మన వైపు తుపాన్లకు కొదవేముంది! వానాకాలంలో మాను నిండా గొంగళిపురుగులు గుంపుగా పట్టినప్పుడు కోళ్లు ఏరుకు తింటాయని ఆశపడండి. కోడి ఆ బొచ్చు చూసి, తల పక్కకు వాల్చి, ఆలోచించి, మీ వంగనారు వైపు నడుస్తుంది. కరివేపాకును తినే సీతాకోకచిలుక పురుగు ఇంకా గడుసుది. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. రోజంతా రెట్టలు వేసే కోడి కూడా నమ్మి పక్కనుంచి పోతుంది.

కోడిపెంట పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది, నెలల తరబడి మాగనిచ్చి వేయాలి. ఈ సంగతి కోడికి చెప్పేవారు లేక, అది నేరుగా మొక్క మొదట్లోనే వేస్తోంది.

రకం విషయంలో తొందరపడకండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. గుడ్లు కావాలంటే గ్రామప్రియ. పిల్లలు కావాలంటే నాటుపెట్ట. నాటుపెట్ట డజను గుడ్లు పెట్టీపెట్టగానే పొదుగుకు కూర్చుని 21 రోజులు మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు. పుంజు ఉంటే సంక్రాంతి ముందు దారినపోయేవాళ్లు ఆగి "ఇది కాకా, డేగా?" అని ఆరా తీస్తారు. పందేలు చట్టరీత్యా నేరమే. ఏటా హెచ్చరికలూ వస్తాయి, బరులూ వెలుస్తాయి. పందెం పుంజుకు బాదంపప్పు, గుడ్డు పెట్టే పెట్టకు తవుడూ నూకలూ అనే ధర్మం ఎవరు పెట్టారో గానీ, మీరు మార్చబోకండి. మీ పిల్లలకు బాదంపప్పు మిగలదు.

ఒక్క సలహా మాత్రం వెటకారం లేకుండా చెబుతాను. కొక్కెర తెగులు వస్తే గూడు గూడంతా ఊడ్చుకుపోతుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, ఆ మరుసటి ఏడాది మన రాణిఖేత్‌లో బయటపడిన జబ్బే ఇది. వైద్యం లేదు, టీకాలే దిక్కు. వారం వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూది. చిక్కల్లా సీసాతోనే. అది మామూలుగా వంద కోళ్లకు సరిపడా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మీవి ఆరు. కనక వీధివీధీ తిరిగి, మాటల్లేని ఇళ్లతో కూడా మాట కలిపి, తొంభై నాలుగు కోళ్లను పోగు చేయండి. అవి దొరికేది చీకటిపడి గూట్లోకి చేరాకే. టార్చిలైటు పట్టుకుని పరాయి పెరళ్లలో దూరేటప్పుడు ముందుగా కేకేసి వెళ్లడం క్షేమం.

అన్నీ సవ్యంగా జరిగితే పెట్ట గుడ్డు పెడుతుంది, పక్కింటి గడ్డివాములో. "పిన్నిగారూ, మా పెట్ట మీ వామిలో గుడ్లు పెడుతోందేమోనండీ" అని మర్యాదగా అడగండి. "మీ పెట్టనే అడగమ్మా, మాకేం తెలుసు!" అంటారావిడ, పెనం మీంచి చూపు తిప్పకుండా. మొహం మాడ్చుకోకండి. రోజూ పొద్దున్నే "రెండు రెబ్బలు చాలమ్మా" అంటూ మీ కరివేపాకు కొమ్మ విరిచేదీ ఆవిడే. ఈసారి మీరే మంచి కొమ్మ చూసి విరిచి ఇవ్వండి. ఆమ్లెట్‌లోకి బాగుంటుందని కూడా చెప్పండి.