మాన్యువల్‌ని ముక్కలు చేయకండి

రిఫరెన్స్ డాక్యుమెంటేషన్ పెరిగిపోయింది, ఎవరికీ ఏదీ దొరకడం లేదు అన్న మాట మీటింగులో రాగానే అందరి నోటా వచ్చే సలహా ఒకటే: ముక్కలు చేసేద్దాం. అంశానికో పేజీ, ఎడమ పక్కన మెనూ, పైన సెర్చ్ బాక్స్. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. ముక్కలై ఉంటే కలిపేయండి. సెర్చ్ బాక్స్ తీసేయండి. పేజీ పొడవు తగ్గించకండి, అవసరమైతే పెంచండి. వినగానే తప్పుగా తోచే మాటలే ఇవి. రోజంతా మాన్యువల్స్ తిరగేసేవాళ్ల తరఫున చెబుతున్నాను, కాస్త ఓపికగా వినండి.

షెల్ మాన్యువల్స్ సంగతే చూడండి. లైనక్స్ టెర్మినల్‌లో మ్యాన్ బాష్ అని కొడితే బాష్ గురించి ఉన్నదంతా ఒకే పేజీగా తెరుచుకుంటుంది, వేల లైన్లు. జెడ్ షెల్ వాళ్లు ఫీచర్లు ఎక్కువని తమ మాన్యువల్‌ని డజనుకు పైగా పేజీలు చేశారు: ఎక్స్‌పాన్షన్లకు ఒకటి, ఆప్షన్లకు ఒకటి, బిల్టిన్ కమాండ్లకు ఒకటి, లైన్ ఎడిటర్‌కు ఒకటి. ఏది ఎక్కడుందో చెప్పడానికి రోడ్‌మ్యాప్ అని మరో పేజీ. ఇప్పుడు ఒకమ్మాయి ఫైల్ పేరులో స్టార్ గుర్తు వాడింది. దానికి సరిపోయే ఫైల్ ఏదీ లేకపోతే జెడ్ షెల్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎందుకో ఆమెకి తెలియాలి. ఏ పేజీ తెరవాలి? షెల్ అలా ఎందుకు చేస్తుందన్నది ఎక్స్‌పాన్షన్ల పేజీలో ఉంది. దాన్ని మార్చే నోమ్యాచ్ ఆప్షన్ వివరణ ఆప్షన్ల పేజీలో ఉంది. సమాధానం ఏ ముక్కలో ఉందో ముందే తెలిస్తే గాని వెతకడం మొదలుపెట్టలేని ఏర్పాటు ఇది. ఆ తెలియకపోవడం వల్లే కదా ఆమె మాన్యువల్ దాకా వచ్చింది! అందుకే అన్ని ముక్కల్నీ మళ్లీ కలిపి చూపించే పేజీని కూడా జెడ్ షెల్ వాళ్లే ఇస్తున్నారు. నేను తెరిచేది అదొక్కటే. మీరూ ముందు అలాంటి పేజీ తయారు చేయండి, మిగతా హంగులు తర్వాత.

సెర్చ్ బాక్స్ మీద నా అభ్యంతరం ఇది. సైట్ సెర్చ్ తనకు తోచిన వరుసలో పది ఫలితాలు ఇస్తుంది. బ్రౌజర్‌లో కంట్రోల్ ఎఫ్ కొడితే ఉన్నవన్నీ ఉన్న వరుసలోనే చూపిస్తుంది, మొత్తం ఎన్నో చెబుతుంది, ప్రతి దాని చుట్టుపక్కల ఏముందో కళ్ల ముందు పెడుతుంది. పైగా సెర్చ్ ఇంజన్లలో చాలా వరకు విరామ చిహ్నాల్ని లెక్కలోకి తీసుకోవు. పాత స్క్రిప్టులో డాలర్, బ్రాకెట్టు, ఒక పేరు, కోలన్, పక్కనే మైనస్ చూశాడనుకోండి కొత్తగా చేరిన కుర్రాడు. వేరియబుల్ ఖాళీగా ఉంటే డిఫాల్ట్ విలువ తీసుకోమని దాని అర్థం. పెరామీటర్ ఎక్స్‌పాన్షన్ అనే పేరు తెలియనివాడు సెర్చ్ బాక్స్‌లో ఏం టైప్ చేస్తాడు? పేజీ మొత్తం ఒకటే అయితే ఆ కోలన్, ఆ మైనస్ అలాగే కొట్టి సరాసరి అక్కడికి చేరతాడు.

ఒకే పేజీలో వెతకడానికీ ఒక చిక్కుంది, ఒప్పుకుంటాను. మ్యాన్ బాష్ తెరిచి స్లాష్ కొట్టి సెట్ అని వెతకండి. అన్‌సెట్ దగ్గర ఆగుతుంది, సెట్టింగ్స్ దగ్గర ఆగుతుంది, ఏదో ఆప్షన్ సెట్ అయి ఉంటే అన్న ప్రతి వాక్యం దగ్గరా ఆగుతుంది. ఎన్ నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుడుతుంది. కానీ ఆ పేజీలో ప్రతి బిల్టిన్ వివరణా కొత్త లైన్‌లో కమాండ్ పేరుతోనే మొదలవుతుంది. లైన్ మొదలును సూచించే టోపీ గుర్తు పెట్టి, ఖాళీ, స్టార్, తర్వాత సెట్ అని వెతికితే గొడవంతా తగ్గి కావలసిన చోటు త్వరగా దొరుకుతుంది. ఆ పేజీని అంత కచ్చితమైన పద్ధతిలో రాశారు కాబట్టే ఇది కుదిరింది. కాబట్టి అందం కోసం ఒక ఎంట్రీని ఒకలా, ఇంకోదాన్ని ఇంకోలా రాయకండి. నొక్కితే విచ్చుకునే మడతల్లో సమాచారాన్ని దాచకండి.

ఇక చెప్పిందే మళ్లీ చెప్పడం. ఒక విషయం ఒక్క చోటే ఉండాలి, మిగతా చోట్ల లింకు చాలు అంటారు. నేను మూడు చోట్ల రాయమంటాను. స్క్రిప్టులో ఏ కమాండ్ విఫలమైనా అక్కడికక్కడ ఆగిపోవాలని సెట్ మైనస్ ఈ పెడతారు. అయితే ఇఫ్ పక్కన పరీక్షగా పెట్టిన కమాండ్ విఫలమైతే స్క్రిప్టు ఆగదు. అక్కడ ఒక ఫంక్షన్‌ని పిలిస్తే ఆ ఫంక్షన్ లోపలి కమాండ్లకు కూడా ఈ రక్షణ ఉండదు. మధ్యలో ఏది విఫలమైనా పని ముందుకే సాగిపోతుంది. ఈ మినహాయింపులన్నీ బాష్ మాన్యువల్‌లో ఉన్నాయి, చక్కగానే రాశారు, కానీ సెట్ వివరణలో. ఇఫ్ వివరణలో దీని ఊసే లేదు. ఇఫ్ రాస్తున్నవాడు ఇఫ్ దగ్గరే చదువుతాడు. సగం చెరిగిపోయిన ఫోల్డర్ ముందు కూర్చున్నవాడికి రచయిత పొదుపు వల్ల ఏం ఒరుగుతుంది? ఇఫ్ దగ్గర రెండు వాక్యాలు, ఫంక్షన్ దగ్గర రెండు వాక్యాలు పెట్టండి. లింకు నొక్కి వెళ్లే తీరిక వాళ్లకి ఉండదు.

వరుస గురించి ఎక్కువ చెప్పను. సులువైనవి ముందు, కష్టమైనవి తర్వాత అన్నది పాఠ్యపుస్తకం లక్షణం. రిఫరెన్స్‌కి అక్షర క్రమమే మేలు. ఒకసారి పెట్టిన వరుసనీ శీర్షికల్నీ మార్చకండి. ఏటా కొత్త పంచాంగం వచ్చినా వర్జ్యం ఏ గడిలో ఉంటుందో ఇంట్లో పెద్దవాళ్లు చూడకుండా చెప్పగలరంటే, గడులు కదలకపోవడం వల్లే. శీర్షిక మారిస్తే దాని మీద ఆధారపడిన లింకు కూడా తెగుతుంది. మంచి వెబ్ చిరునామాలు మారవని టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే రాశారు. ముందు పెట్టిన పేరు నచ్చకపోయినా దానితోనే కాపురం చేయండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టాల్సింది సూచికలో. చేత్తో చేసిన సూచిక. యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబర్ 3 తేదీతో వచ్చింది. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో ప్రతి కమాండ్ ఒక్క లైన్ వివరణనీ తిప్పి తిప్పి, అందులోని ముఖ్యమైన మాటలన్నిటి కిందా చేర్చిన సూచిక ఉంది. గ్రెప్ పేరు తెలియనివాడు వెతకడం అన్న మాట కింద చూసినా, ప్యాటర్న్ అన్న మాట కింద చూసినా దాన్ని పట్టుకోగలిగేవాడు. ఈనాటి మాన్యువల్స్‌లో చాలావాటి సూచికలు ఫంక్షన్ పేర్ల పట్టికలే. పేరు తెలిసినవాడికే అవి పనికొస్తాయి.

మీ సూచికలో తప్పు మాటలు కూడా చేర్చండి. పైథాన్ నుంచి బాష్‌కి వచ్చినవాడు లెన్ అని వెతుకుతాడు. అది బాష్‌లో లేదు. అయినా లెన్ అని ఒక ఎంట్రీ పెట్టి, డాలర్ బ్రాకెట్టు లోపల హాష్ గుర్తుతో పొడవు కనుక్కునే చోటికి దారి చూపండి. జావా నుంచి వచ్చినవాడు ట్రై, క్యాచ్ కోసం చూస్తాడు. ఆ పేరుతోనే ఎంట్రీ పెట్టి, బాష్‌లో ఇది లేదు, ట్రాప్ చూడండి అని రాయండి. లేదన్న సంగతి వెంటనే తెలిస్తే అతనికి ఒక పూట మిగులుతుంది.

ఆ తప్పు మాటల్ని ఊహించి రాయకండి. మీ టీమ్ చాట్ గ్రూపులో పోయిన నెలంతా అడిగిన ప్రశ్నల్ని బయటికి తీయండి. ఆర్రే సైజ్ ఎలా, ఫైల్ లేకపోతే ఎలా, స్పేస్ ఉంటే విరిగిపోతోంది ఎందుకు, ఇలా వాళ్లు ఏ మాటల్లో అడిగారో ఆ మాటల్నే, స్పెల్లింగ్ కూడా దిద్దకుండా, సూచికలోకి ఎక్కించండి. ప్రతి దాని పక్కనా ఆ పొడవాటి పేజీలో సమాధానం ఉన్న చోటికి లింకు పెట్టండి.