కార్డు సన్యాసం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్ళో, ఒక ఇంటి ఫ్రిజ్జు తలుపు మీద, కరెంటు బిల్లుకూ పిల్ల ఈత క్లాసుల టైంటేబుల్‌కూ మధ్య అయస్కాంతం కింద దొరికిన పద్యం ఇది. కవయిత్రి మా అక్క. కథానాయకుడు మా బావ. రచనాకాలం తెలీదు. కాగితం వెనక కొత్తిమీర, పెరుగు, ఇడ్లీ రవ్వ అని రాసి ఉండడాన్ని బట్టి శనివారం పొద్దున అయ్యుంటుందని పండితుల ఊహ. పండితులంటే నేనొక్కణ్ణే.

మూలం

కార్డులన్ని యమ్ము కాలమాయె నటంచు
పెట్టె తెరచి చూచి పెట్టె మూసె
నొక్కటుంచుకొందు నొక్కటే యనుచును
మూడు పెట్టెలుంచె మోహ మడచి

ఏ గ్రంథానికైనా ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి గనక చెబుతున్నాను. విషయం: స్పోర్ట్స్ కార్డులు పోగేసే సరదా నుంచి ఒక గృహస్థు తప్పుకోవడం. ప్రయోజనం: చుట్టాల గది ఖాళీ అయి, నేను వెళ్ళినప్పుడు సోఫాలో కాక మంచం మీద పడుకోవడం. అధికారి, అంటే ఈ పద్యం చదవడానికి అర్హుడు: ఇంట్లో ఏదో ఒకటి అట్టపెట్టెల్లో దాచినవాడెవడైనా. సంబంధం: ఆ పెట్టెలకూ మా అక్క ఓపికకూ ఉన్నది.

ప్రతిపదార్థం

కార్డులు + అన్ని = ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని స్కోర్లు అచ్చేసిన, రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు గల అట్టముక్కలన్నిటిని; అమ్ము కాలము = విక్రయించవలసిన సమయము; ఆయెన్ = వచ్చెను; అటంచు = అని పలుకుచు (ఎవరూ అడగకున్నను అని భావము); పెట్టె తెరచి = అయిదు వేల కార్డులు పట్టు తెల్ల అట్టపెట్టె మూత తీసి; చూచి = ఈ పదానికి వ్యాఖ్య కింద విస్తరముగా గలదు; పెట్టె మూసెన్ = స్పష్టము; ఒక్కటి ఉంచుకొందున్ = ఒకటి మాత్రము అట్టిపెట్టుకొందును; ఒక్కటే = అవధారణార్థకము, అనగా అబద్ధము; అనుచును = అంటూనే; మూడు పెట్టెలు ఉంచెన్ = లెక్క స్పష్టము; మోహము అడచి = ఆశను అణచుకొని.

టీక

‘కాలమాయె’: ఎందుకు ఆయె? మన పెద్దలు వైరాగ్యం మూడు రకాలన్నారు. పురాణం వింటున్నంతసేపూ ఉండేది పురాణ వైరాగ్యం. పురిటి మంచం మీద కలిగేది ప్రసూతి వైరాగ్యం. కాటి నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే దాకా ఉండేది శ్మశాన వైరాగ్యం. బావది నాలుగోది. దీన్ని ట్రేడ్ వైరాగ్యం అనాలి.

స్లొవేనియా కుర్రాడు లూకా డాన్చిచ్‌ను, బాస్కెట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 2018 డ్రాఫ్టులో, అట్లాంటా వాళ్ళు ఎంచుకుని, ఆ రాత్రే డాలస్‌కు ఇచ్చేశారు. అంతవరకూ బావకు బంతి అంటే క్రికెట్ బంతే. ఆ కుర్రాడి ఆట చూశాక బాస్కెట్‌బాల్ పట్టుకుంది, దాని వెనకే కార్డులు పట్టుకున్నాయి. పనీనీ ప్రిజమ్‌లో 280వ నంబరు లూకా రూకీ కార్డు బావ ఇంట్లో ఇలవేల్పు. 2024లో డాలస్ ఫైనల్స్ దాకా వెళ్ళి బోస్టన్ చేతిలో ఓడింది. అయినా ఫరవాలేదు, కుర్రాడున్నాడు కదా అనుకున్నారు. 2025 ఫిబ్రవరి 1 రాత్రి, ఊరు పడుకునే వేళకు వార్త వచ్చింది: లూకాను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు ఇచ్చి, ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నారని. తెల్లారేసరికి అభిమానులు అరీనా బయట, డాలస్ జట్టు పాత హీరో డర్క్ నొవిట్స్కీ విగ్రహం దగ్గర చేరి, పూలు పెట్టి, ఉత్తుత్తి శవపేటిక కూడా తెచ్చారు. కాబట్టి దీన్ని శ్మశాన వైరాగ్యంలో కలిపెయ్యవచ్చునని ఒక వాదం ఉంది. నాకు సమ్మతం కాదు. కాళ్ళు కడుక్కున్నా ఇది పోలేదు.

‘లేకర్స్‌కు వెళ్తే కార్డు ధర పెరుగుతుందే గానీ తగ్గదు, బావగారూ’ అని ఓదార్చినవాళ్ళున్నారు. ఆ మాటకు ఆయన మరింత కుంగిపోయాడు. పోగేసేవాడికీ షేర్లు కొనేవాడికీ తేడా అక్కడే తెలిసిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో మొదలైన సీజన్ నుంచి ఎన్‌బీఏ కార్డులు అచ్చేసే హక్కు కూడా పనీనీ చేతిలోంచి ఫనాటిక్స్ వారి టాప్స్‌కు పోయింది. కుర్రాడూ పోయె, కంపెనీ కూడా పోయె. కాలమాయె.

‘అమ్ము’: ఇక్కడ పూర్వపక్షి లేచి అంటాడు: అమ్మడమెందుకు, ఇవి బంగారం కదా? బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్‌ది 1952 నాటి టాప్స్ కార్డు 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది కదా?

సమాధానం. పలికింది, నిజమే. ఎందుకు పలికింది? ఆ 1952 సెట్టును బ్రూక్లిన్‌లో తన వంటింటి బల్ల మీద తయారుచేసిన సై బెర్గర్ అనే టాప్స్ ఉద్యోగే, అమ్ముడుపోని పెట్టెలు గోదాములో అడ్డంగా ఉన్నాయని 1960లో పడవకెత్తించి న్యూజెర్సీ తీరానికి అవతల సముద్రంలో పారబోయించాడు. మిగిలినవాటిని తల్లులు చెత్తలో వేశారు. అలా పోగా మిగిలినవి గనక ధర. ఆ సంగతి తెలిసి, 1980ల చివరి నుంచి దేశం దేశమంతా జాగ్రత్త పడింది. చెక్కరంగు అంచుల 1987 టాప్స్, పసుపు అంచుల 1991 ఫ్లీర్... పిల్లల చదువులకు పనికొస్తాయని ఒక్కటీ పారెయ్యకుండా దాచారు. కంపెనీలూ అడిగినవాడికి అడిగినన్ని అచ్చేసి ఇచ్చాయి. ఆ కాలానికి అమెరికా వాళ్ళే ‘జంక్ వాక్స్’ యుగమని పేరు పెట్టుకున్నారు. ఇవాళ వాటిని పెట్టెలకు పెట్టెలు ఊరికే ఇస్తామన్నా మోసుకెళ్ళేవాడు లేడు. బావ మోసుకొచ్చాడు. చవగ్గా వచ్చాయట. చవగ్గా రాకేం?

ఇంకా ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మితే నూటికి 13 డాలర్ల దాకా అమ్మించిన సైటుకు పోతుంది. అలెన్‌లో జరిగే డాలస్ కార్డ్ షోకు పట్టుకెళ్తే, బల్ల వెనక కూర్చున్నవాడు ఫోన్‌లో మొన్నటి ధరలు చూసి, అందులో అరవై శాతమో డెబ్బై శాతమో ఇస్తానంటాడు. వాడి తప్పు లేదు, వాడూ బతకాలి. లాభమంటూ మిగిలితే దాని మీద సర్కారు చెయ్యి పడుతుంది: చాలాకాలం ఉంచుకుని అమ్మిన షేర్ల లాభానికి ఫెడరల్ పన్ను 20 శాతం మించదు గానీ, ఇలాంటి సేకరణలకు 28 దాకా వెళ్ళవచ్చు. గ్రేడింగు గొడవ సరే సరి. కార్డును ఒక సంస్థకు పంపితే పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి పంపుతుంది. పదొస్తే పండగ. బావకు తొమ్మిది వచ్చింది. పదికి తొమ్మిది వస్తే మా నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. బావ మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదని అక్క చెప్పింది.

‘చూచి’: పద్యానికి ప్రాణం ఈ రెండక్షరాలు. పెట్టె తెరచుటకూ మూయుటకూ మధ్య ఈ చూచుటకు ఎంతసేపు పట్టిందో కవయిత్రి చెప్పలేదు. చెప్పకపోవడమే ఔచిత్యం. నేను పక్కనే ఉన్నాను గనక చెబుతాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూత తీశాడు. మూసేసరికి వీధి దీపాలు వెలిగాయి.

అమ్మాలంటే ముందు ఏది ఏమిటో విడదీయాలి గదా. మొదటి కార్డు తీశాడు. మునివేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పడకూడదు. పైన గట్టి తొడుగు, టాప్ లోడర్. దాని నోటికి అడ్డంగా నీలం టేపు ముక్క, తీసేటప్పుడు తేలిగ్గా రావడానికి కొస మడిచి ఉంటుంది. లోపల పల్చటి ఇంకో తొడుగు, పెన్నీ స్లీవ్. దాంట్లోంచి కార్డు జారిందంటే కొత్త నోటు లాంటి వాసన. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురుకు కాస్త ఏటవాలుగా వంచితే, సిల్వర్ ప్రిజమ్ మీద రంగులు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతాయి. నాలుగు మూలలూ చూశాడు. నాలుగు అంచుల తెల్లదనం సమంగా ఉందా అని చూశాడు. తిప్పి వెనక చూశాడు. చిన్న అక్షరాలు చదవడానికి కళ్ళజోడు పైకి నెట్టాడు. తర్వాత నాతో, ‘ఇది నేను కొన్నట్టే గుర్తు లేదోయ్’ అన్నాడు.

నా వ్యాఖ్యానమంతా ఈ మాట మీద నిలబడుతుంది. ఆయన ఇన్నాళ్ళూ కొంటున్నాడు, వచ్చిన కవరు విప్పుతున్నాడు, ఫోన్‌లో ధర చూస్తున్నాడు, తొడుగులో దూర్చి పెట్టెలో పడేస్తున్నాడు. కార్డును చూసి చాలాకాలమైంది. మొదట్లో చూసేవాడు, ప్యాకెట్ చింపడానికి పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ తర్వాత కొనడం ఒక్కటే మిగిలింది. అర్ధరాత్రి వేలంపాటలు, తలుపు దగ్గర కవర్లు. సరదా ఎప్పుడో పోయింది, అలవాటు దాని పేరు పెట్టుకుని తిరుగుతోంది. వదిలెయ్యాలనుకున్న పూటే మళ్ళీ ఒక్కొక్క కార్డునూ చేతిలోకి తీసుకుని చూశాడు. అందుకే పెట్టె మూశాడు. అమ్మడం మానుకుని కాదు, ఇక కొననక్కర్లేదని తెలిసి. కవయిత్రికి ఈ అర్థం సమ్మతం కాదు. ‘నీ మొహం, కాఫీ చల్లారిపోతోందని మూశారు’ అని ఆవిడ స్వీయ వ్యాఖ్య. మూలకర్త మాటకు వ్యాఖ్యాత కట్టుబడాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు.

‘ఒక్కటే’: దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. గోంగూర పచ్చడి విషయంలోనూ మనం ఇదే మాట అంటాం.

‘మూడు పెట్టెలుంచె’: మొదటి పెట్టె లూకాది. రెండోది ఆ పసుపు అంచుల ఫ్లీర్, కొనేవాడు లేక ఉండిపోయింది గానీ, బావ దాన్ని త్యాగం కింద లెక్క వేసుకోలేదు, సంపాదన కిందే వేసుకున్నాడు. మూడోది కొలతకు చిన్నది, బిస్కెట్ల డబ్బా. గుంటూరు నుంచి వచ్చింది. బిగ్ ఫన్ బబుల్ గమ్ కొంటే వచ్చిన క్రికెటర్ల బొమ్మలు, వెనక ఇన్ని రన్నులు, ఇన్ని వికెట్లు అని ఉండేవి. ఆ రన్నులు కూడబెట్టి ఇస్తే చకచకా పేజీలు తిప్పే బొమ్మల పుస్తకం ఇచ్చేవాళ్ళు. బావ రన్నులు కూడబెట్టాడు గానీ ఇచ్చి పుస్తకం తెచ్చుకోలేదు. బొమ్మలు పోతాయని. ఈయన రోగం టెక్సస్‌లో పుట్టింది కాదని ఈ డబ్బా సాక్ష్యం.

పాఠాంతరం: ఇదే పాదంలో ‘మూడు పెట్టెలు దాచె’ అని ఉండాలని, మనబడిలో తెలుగు నేర్చుకుంటున్న మా మేనకోడలు వాదిస్తుంది. ‘నాన్న ఉంచలేదు, దాచాడు, నా అల్మారాలో’ అంటుంది. అర్థం అతుకుతుంది. గణాలు అతకవు: ‘పెట్టె’ తర్వాత ‘లు దాచె’ అంటే సూర్యగణం చెడుతుంది. ఛందస్సు కోసం నిజాన్ని పక్కన పెట్టడం మన సాహిత్యంలో కొత్త కాదు గనక ‘ఉంచె’ అన్న పాఠాన్నే స్వీకరించాను.

‘మోహ మడచి’: అడచి అంటే అణచి అని ఒక అర్థం. మడచి, అంటే మడత పెట్టి లోపల పెట్టి, అని ఇంకొకటి. శ్లేష. పాదం మొదట ‘మూ’కు ఇక్కడ ‘మో’ యతి చెల్లింది. పద్యంలో ఆ విధంగా యతి ఉన్నాడు, ఇంట్లో లేడు.

నిజంగా తప్పుకోవడమంటే ఏమిటో చూపడానికి దృష్టాంతం ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన, విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసేవాడు. పెళ్ళి లేదు. కీళ్ళవాతంతో చేతులు వంకర్లు పోయాయి. ఆయన పోగేసిన కార్డులూ, రంగు కాగితాలూ కలిపి మూడు లక్షల పైమాటే. అందులో బేస్‌బాల్‌వి 30,000 దాకా. కార్డులకు వర్గీకరణ చేసినవాడు ఆయనే. పొగాకు కంపెనీ 1909 నుంచి 1911 దాకా వేసిన సెట్టుకు, లక్షల డాలర్లు పలికే హోనస్ వాగ్నర్ కార్డు ఉన్న ఆ సెట్టుకు, టీ206 అన్న పేరు ఆయన జాబితాలోదే. సర్వస్వాన్నీ మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, ఆ వంకర చేతులతోనే ఏళ్ళ తరబడి మ్యూజియంలో కూర్చుని, ఒక్కొక్కటీ ఆల్బమ్‌లలో అంటించాడు. జిగురుతో. ఈనాటి గ్రేడింగువాళ్ళు వింటే మూర్ఛపోతారు. 1963 జనవరిలో చివరిది అంటించి, ఇక రానని చెప్పి వెళ్ళాడు. మార్చిలో పోయాడు.

ఈ కథ నేను బావకు చెప్పాను. ఆయన అంతా శ్రద్ధగా విని, ‘ఏ జిగురు వాడాడంటావ్?’ అని అడిగాడు.

అలంకారం: పెట్టె, పెట్టె, పెట్టె అని ముమ్మారు రావడం పునరుక్తి దోషమని ఆక్షేపించేవాళ్ళు ఒకసారి ఆ చుట్టాల గదిలోకి వెళ్ళి చూడాలి. అది స్వభావోక్తి.

తాత్పర్యం

కార్డులన్నీ అమ్మేస్తానని బయలుదేరిన భర్త, తీరా పెట్టె తెరిచి చూసి, మూసేసి, ఒకటి ఉంచుకుంటానంటూ మూడు ఉంచుకున్నాడని, ఆ మూడూ పోగా మిగిలినవి ఇంట్లోంచి వెళ్ళిపోయినందుకు కవయిత్రి లోలోపల సంతోషంగానే ఉన్నదని భావము. వేలంపాట యాప్ బావ ఫోన్‌లో ఇప్పుడు లేదు.

ఇది ఫ్రిస్కో పురవాసినియు, ఫ్రిజ్జు కవాట కవితా విలాసినియు, చుట్టాల గది పునరుద్ధరణ దీక్షితయు నగు అక్క ప్రణీతంబైన పద్యంబునకు, ఆమె తమ్ముండును, గణ యతి నిర్ణయ చతురుండును, బావ అమ్మకానికి పెట్టిన వానిలో రెండు పెట్టెలు సగం ధరకు కొని అక్క చూడకుండ కారు డిక్కీలో పెట్టుకున్నవాడును నగు నాచే రచియింపబడిన టీక సమాప్తము.