గాలికి తొందరెక్కువైంది

అబ్బాయ్, ఏసీ ఆన్ చేయగానే సీలింగులో దబ్బుమంటోందనీ, ఆపాక టిక్కు టిక్కుమంటోందనీ, మిషను మార్చేయమంటారా తాతయ్యా అనీ అడిగావు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. మిషనేం చేసింది పాపం? చప్పుడు ఎక్కణ్ణించి పుడుతోందో చెవొగ్గి వినకుండానే జేబులో చెయ్యి పెట్టడం మీ తరానికి అలవాటైపోయింది. మా రోజుల్లో ముందు వినేవాళ్ళం. కొత్తది కొనడం అనేది చాలా దూరపు మాట.

అసలు ఈ టోలిచౌకిలో అప్పుడు వినడానికి వీలుండేది. సాయంత్రమైతే ఏడు గుంబజుల వైపు నుంచి గాలి వచ్చేది, ఆ గాలికి ఒక్క రూపాయి కరెంటు బిల్లు లేదు. ఇప్పుడు? 2022లో షేక్‌పేట ఫ్లైఓవర్ వచ్చింది, ట్రాఫిక్ తగ్గుతుందన్నారు. కింది గోల కిందే ఉంది, పైన ఇంకొకటి చేరింది. ఆ గోలకి కిటికీలు మూయడం, మూశాక ఉక్కపోసి ఏసీ వేయడం, ఏసీ మోతకి నిద్ర పట్టక అర్ధరాత్రి లేచి కూర్చోవడం. ఇదేం బతుకు నాయనా?

మా చిన్నప్పుడు ఇంటి కప్పు ఎత్తుగా ఉండేది, గోడ పైభాగాన వెంటిలేటరు ఉండేది. వేడిగాలి పైకెక్కి తన దారిన తను పోయేది. ఎండాకాలం కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లితే ఇల్లంతా చల్లటి వాసన. తర్వాత కూలర్లొచ్చాయి. రేకు పెట్టె, మూడు వైపులా గడ్డి, లోపల నీళ్ళ పంపు. దాని రొద మామూలు రొద కాదు, రేడియోలో వార్తలు వినపడేవి కావు, మేడ మీద పడుకున్నది సగం అందుకే. ఒప్పుకుంటాను. కానీ ఆ రొద ఎక్కడుందో కళ్ళకి కనపడేది. రేకు అదిరితే సందులో మడతపెట్టిన అట్టముక్క దోపేవాళ్ళం, ఊరుకునేది. మీరేమో మొత్తం ఫాల్స్ సీలింగులో దాచేసి, కింద లైట్లు బిగించుకున్నారు.

నేను చప్పుడు మీద బతికినవాణ్ణి. సినిమా మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇక్కడికి తరలివస్తున్న కాలం. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చేనాటికి ఆ చుట్టుపక్కలంతా బండలూ తుప్పలూ. అప్పటి ఆరిఫ్లెక్స్ 2సి కెమెరా తిరుగుతుంటే గరగరమని ఒకటే మోత. ఆ మోతలో మాట రికార్డు చేయలేక, సెట్లో పలికిందంతా తర్వాత డబ్బింగులో మళ్ళీ పలికించేవాళ్ళు. ఫ్లోరు మీద మాట తీయాల్సి వస్తే ‘సైలెన్స్’ అని కేకేసి ఫ్యాన్లు కూడా ఆపేసేవాళ్ళు, షాటు అయ్యేదాకా పెద్ద హీరో అయినా చెమట కక్కాల్సిందే. రికార్డింగ్ థియేటర్లో అలా కుదరదు. తలుపులు బిగించిన గది, పొద్దున్నుంచి రాత్రి దాకా పని. గాలి రావాలి, చప్పుడు రాకూడదు.

అందుకని ఏసీ ప్లాంటును దూరంగా, విడి పునాది మీద పెట్టేవాళ్ళు. అక్కణ్ణించి మనిషి దూరగలిగేంత డక్టు. లోపల గ్లాస్‌వూల్ పరిచి, దాని మీద చిల్లుల రేకు కప్పి, కావాలనే ఒకటి రెండు మలుపులు తిప్పేవాళ్ళు. బ్లోయరు చప్పుడు ఆ మలుపుల్లో గోడలకి తగిలి తగిలి ఉన్నిలో ఇంకిపోయేది. గ్రిల్ దగ్గరికొచ్చేసరికి గాలి ఎంత నిదానమంటే, ఎదురుగా కాగితం పట్టుకుంటే అది బద్ధకంగా కదిలేది. గదిలో చలి ఉండేది, మైకులో మాత్రం ఏమీ ఉండేది కాదు.

నీ ఇంటి సంగతికొద్దాం. ఫోన్లో లెక్కలేస్తావుగా, ఇదీ వేసి చూడు. టన్నుకి 400 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి. నీ హాలు మిషను మూడు టన్నులు, 1200. డక్టు 12 అంగుళాలకి 12 పెట్టారు, అంటే చదరపు అడుగు. అందులోంచి గాలి నిమిషానికి 1200 అడుగుల వేగంతో పరుగెత్తాలి. కాపురం ఉండే ఇంట్లో అది 600, మహా అయితే 700 దాటకుండా ఉంటేనే నయం. 24కి 12 చేయించి ఉంటే 600కి దిగేది. సీలింగు ఎత్తు పోతుంది, 8 అంగుళాలే ఇస్తానని మీ ఇంటీరియర్ వాడు అన్నాడా? సరే, వెడల్పు 36 తీసుకోవాల్సింది. అదీ ఇవ్వడు, అక్కడ లైట్లున్నాయంటాడు. వేగం సగానికి దించితే గాలి మోత సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, 10 తగ్గితేనే చెవికి సగమైనట్టుంటుంది. ఇంత తేలిక లెక్క ఉండగా లైటుకి చోటిచ్చి గాలికి ఇవ్వకపోవడం నాకు ఈ జన్మకి అర్థం కాదు.

ఇక ఆ దబ్బు. డక్టు పక్క రేకు చదునుగా, పలచగా ఉంటే బ్లోయరు ఒత్తిడికి బయటికి ఉబ్బుతుంది, ఆగగానే లోపలికి పోతుంది. నూనె డబ్బా అడుగు బొటనవేలితో నొక్కి వదిలితే వచ్చే చప్పుడే అది. మా రోజుల్లో రేకుపని మేస్త్రీలు పెద్ద రేకు ప్రతిదానికీ మూల నుంచి మూలకి అడ్డంగా రెండు మడతలు కొట్టేవాళ్ళు, ఇంటూ గుర్తు పడేలా. ఆ మడతతో రేకు బిగుసుకుని ఇంక ఉబ్బదు. ఇప్పుడు ఆ మడత కొట్టే ఓపిక లేదు, 24 గేజి చెప్పి అంతకన్నా పలచటి 26 గేజి బిగించేస్తున్నారు. నీది విప్పి మార్చక్కర్లేదు. ఉబ్బే చోట బయట నుంచి ఒక ఎల్ యాంగిల్ అడ్డంగా స్క్రూ చేయిస్తే చాలు. టిక్కు టిక్కు వేరు. చల్లబడ్డ రేకు కుంచించుకుని, ఆపాక మళ్ళీ సాగుతూ హ్యాంగరుకో చెక్క ఫ్రేముకో రాసుకుంటోంది. మధ్యలో రబ్బరు ముక్క పెట్టించు. డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లోనూ ఇదే, కాకపోతే అక్కడ చలికాలం. గ్యాస్ ఫర్నేసు అదే డక్టుల్లోకి వేడిగాలి తోస్తుంది, రేకు సాగి ఠప్పుమంటుంది. అంత దూరం వెళ్ళినా రేకు గుణం మారలేదు.

మీ అమ్మ గదిలో ఈల మోతంటున్నావు. కరెంటు కలిసొస్తుందని వాడని గదుల గ్రిల్స్ మూసేశావు కదూ? అదీ కారణం. మూసిన గ్రిల్స్ గాలంతా తెరిచిన గ్రిల్ మీద పడి ఈలేస్తుంది. అన్నీ తెరిచిపెట్టు. అప్పటికీ ఆగకపోతే గాలిని వెనక్కి పీల్చే రిటర్న్ గ్రిల్ తీసి చూడు. తీయగానే ఈల ఆగిందంటే అది చిన్నదన్నమాట, పెద్దది చేయించు. గ్రిల్ వెనకాలే గాలిని తగ్గించే డాంపరు ఉంటే దాన్ని వెనక్కి, డక్టు మొదట్లోకి జరిపించు. రాత్రి గుంయ్‌మనే మోత మాత్రం మిషనుదే, కానీ అది మిషను తప్పు కాదు. యూనిట్‌కీ డక్టుకీ మధ్య కాన్వాసు కట్టకుండా రేకు నేరుగా బిగించి ఉంటారు, అదురంతా శ్లాబులోకి పోతోంది. కాన్వాసు, కింద రబ్బరు ప్యాడ్లు, రెండూ రాణీగంజ్‌లో దొరుకుతాయి.

ఒక గదిలో మాట్లాడితే ఇంకో గదిలో వినపడుతోందని చెప్పడానికి సిగ్గుపడ్డావు, నేను గమనించాను. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన కొండమీది బాలాహిస్సారులో వినపడుతుంది. కుతుబ్‌షాహీలు కావలి కోసం కావాలని కట్టించుకున్న ఏర్పాటది. మీకు రెండు పడగ్గదుల మధ్య ఆ ఏర్పాటు ఎందుకయ్యా? ఒకే డక్టుకి రెండు గ్రిల్స్ ఎదురెదురుగా పెడితే ఇంతే. ఆ రెండింటి మధ్య డక్టు లోపలి వైపు నైట్రైల్ రబ్బరు అతికించమను.

ఇదంతా కాకముందు ఫిల్టరు కడుగు. మట్టి పట్టిన ఫిల్టరుతో బ్లోయరు ఆయాసపడుతుంటే ఏ వైద్యమూ పనిచేయదు. సీలింగు విప్పితే దుమ్మని మీ అమ్మ కేకలేస్తుందంటావా, ఆవిడతో నేను మాట్లాడతాను. మేస్త్రీని ఆదివారం పొద్దున్నే రమ్మను, ఫ్లైఓవర్ మీద బండ్లు మొదలవకముందు. ఏ చప్పుడు ఎక్కడిదో వినాలంటే ఈ ఊళ్ళో ఇప్పుడు మిగిలింది ఆ గంటే.