రంగుల మేస్త్రీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఫీటుకు పదహారు సార్, లప్పం వేరే, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటామా?”

అవతారిక: ఇంటికి రంగులు వేయించదలచిన గృహస్థు మొత్తం ఎంతవుతుందని అడుగగా, గోడను గోటితో ఒకసారి గీకి, సీలింగు వైపు కాసేపు చూసి, మేస్త్రీ పలికిన వాక్యమిది. మొత్తం అడిగినవానికి ఫీటు లెక్క చెప్పడం అసందర్భమని తొందరపడి ఆక్షేపించరాదు. మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలను వ్యాఖ్యానిస్తూ, ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని నియమం పెట్టుకున్నాడు గాని, మేస్త్రీ వాక్యంలో ముఖ్యమైనదంతా పైకి పలకని భాగంలోనే ఉన్నందున ఇక్కడ ఆ నియమాన్ని సడలించక తప్పలేదు.

టీక: ఫీటుకు = రంగు పడే చదరపు అడుగుకు (ఇంటి వైశాల్యానికి కాదు; 1,000 అడుగుల ఇంట్లో గోడలూ సీలింగూ కలిపితే అది సుమారు మూడు, మూడున్నర రెట్లవుతుందని గృహస్థుకు కొలతలనాడు గాని తెలియదు); పదహారు = 16 రూపాయల కూలి మాత్రమే, రంగు డబ్బాలు గృహస్థువే; లప్పం = గుంతలు పూడ్చి గోడను నునుపుచేసే పూత; వేరే = ఈ లెక్కలో చేరనిది. ఇక్కడ పాత పెచ్చులు గీకడం, పరంజా కట్టడం, బాత్రూం గోడ చెమ్మ అనేవి అధ్యాహారం, అనగా వాక్యంలో లేకున్నా తెచ్చి కలుపుకోవలసినవి.

తాత్పర్యం: పని మొదలయ్యాక మాట్లాడుకుందాము.

విశేషం: ఫీటు రేటు నుండి మొత్తం పుడుతుందని లోకం భ్రమిస్తుంది గాని, నిజానికి మొత్తం నుండే రేటు పుడుతుంది. సీలింగు చూస్తున్నట్టు కనిపించిన ఆ కాసేపట్లో మేస్త్రీ లెక్కించినది మనుషులనూ రోజులనూ. రోజుకు 1,000 చొప్పున ముగ్గురికి 12 రోజుల కూలి 36,000 అనుకుంటే, బ్రష్షులు, ఆటో చార్జీలు, పని సాగని పూటలు, తన మిగులు కలిపి దానిని 45,000 చేసి, 3,200 అడుగులకు పంచగా 14 వస్తుంది. బేరంలో తెగవలసిన 2 రూపాయలను ముందే అతికించగా 16 అయింది. ఇది కపటమనడం అన్యాయం, ఎందుకంటే కేంద్ర ప్రజాపనుల శాఖ వారి రేట్ల విశ్లేషణలో కూడా ఖర్చు మీద కాంట్రాక్టరు లాభానికీ ఇతర ఖర్చులకూ 15 శాతం కలుపుతారు. వారు కాగితం మీద కలిపినదానిని ఇతడు మనసులో కలుపుతాడు, అంతే భేదం.

రోజుకూలికి పెడితే ఆలస్యం వల్ల కలిగే నష్టం గృహస్థుది, గుత్తకిస్తే తొందరలో ఒక కోటింగు ఎగిరిపోయే ప్రమాదముంది. ఫీటు లెక్క ఈ రెంటికీ నడిమి దారి అయినా, అది గోడ ఎంత ఉందో కొలవగలదే తప్ప ఎంత చెడిందో కొలవలేదు. గీకితే తప్ప బయటపడని ఆ చెడుగును తన నెత్తిన వేసుకోకుండా మేస్త్రీ గృహస్థు వైపు నెట్టిన ఉపాయమే “లప్పం వేరే”.

కిటికీల జాగాకు రంగు లేదు గదా, దానిని ఎందుకు తీసివేయరని శంక. అంచులకూ లోపలి పక్కలకూ పట్టే శ్రమ ఆ ఖాళీకి సరిపోతుందని మేస్త్రీ సమాధానం. దీనికి శాస్త్ర సమ్మతి కూడా ఉంది: భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం ప్లాస్టరింగ్ కొలతల్లో అర చదరపు మీటరు మించని ఖాళీలను తీసివేయరు, రంగుల విషయంలో పలకల తలుపుకు ఒక్కొక్క వైపూ 1.3 రెట్లు లెక్కగడతారు. అయితే మేస్త్రీ పెద్ద కిటికీలను కూడా ఇదే సూత్రం కిందికి తెస్తాడు, అది మాత్రం అతివ్యాప్తి.

“ఎక్కువ తీసుకుంటామా” అన్నది కాకువు, అనగా గొంతు విరుపుతో అర్థం మారే ప్రశ్న. తీసుకోమని కొందరు, తీసుకోవలసినంతే తీసుకుంటామని కొందరు చెబుతారు. “మీ దగ్గర” అన్నందున గుమ్మం ముందున్న కారును మేస్త్రీ చూశాడనేది స్పష్టం. గృహస్థు 12 అనగా, బేరం 14 దగ్గర తెగి, 44,800 రావలసిన లెక్క 45,000గా గుండ్రమవుతుంది. ఆ 200 చాయ్ ఖర్చు కిందికి వస్తుందా, లేక చాయ్ మళ్లీ వేరేనా అన్నచోట పాఠభేదాలున్నాయి.